వెనక ఎవరూ లేరు

మేడమీది గది
జనవరి 9

అన్నయ్యా,

నీ వ్యాన్ నేను నడుపుతున్నాను. ఈ మాట ముందే రాసేస్తే మిగతాది రాయడం తేలికవుతుందనుకున్నాను. అవలేదు.

పోలీసులు తిరిగి ఇచ్చిన రోజు నుంచి అది మెట్ల పక్కన కవరు కప్పుకునే ఉంది. నాన్న అటు చూడడు. చెత్త పారేయడానికి కూడా వెనక గుమ్మంలోంచి చుట్టూ తిరిగి వెళ్తాడు. మొన్న ఆయన పడుకున్నప్పుడు కవరు తీశాను. మెకానిక్ వచ్చి బ్యాటరీ మార్చాడు. శబ్దానికి నాన్న కిటికీ దగ్గరికొచ్చి నిలబడ్డాడు. కిటికీ వేసేశాడు.

నేను పనిచేసే లైబ్రరీ మూసేశారు. నవంబరులోనే. నీకు రాయలేదు. పుస్తకాలన్నీ అట్టపెట్టెల్లో సర్ది, నంబర్లు వేసి, తీసుకెళ్ళడానికి వ్యాన్ వస్తే నేనే సంతకం పెట్టి పంపించాను. ఆ డ్రైవరు పెట్టెలెత్తుతుంటే, ఇవన్నీ ఇప్పుడే నా చేతులతో ఎత్తాను కదా అనిపించింది.

డిపోకి వెళ్ళాను. నువ్వు పనిచేసినది కాదు, రైల్వే స్టేషను వెనకది. సూపర్‌వైజర్ లైసెన్సు అటూ ఇటూ తిప్పి చూశాడు.

“ఏం నడిపావు?”

“మా అన్నయ్య కారు నేర్పాడు.”

“బరువు బండి?”

“లేదు.”

“కాస్త గట్టిగా చెప్పమ్మా, వినపడట్లేదు.”

“లేదండీ!”

వెనక బెంచీ మీద డ్రైవర్లందరూ నవ్వారు. “అనుభవం లేదని ఇంత గట్టిగా చెప్పినవాళ్ళని చూళ్ళేదు” అన్నాడు సూపర్‌వైజర్. మూడు నెలలు చూస్తారట. ఈలోపు సామాను పగిలినా, బండి ఎక్కడైనా గీరుకున్నా ఇంటికే.

కాన్వెంట్‌లో సిస్టర్లు పదేళ్ళు కష్టపడి నా గొంతు తగ్గించారు. ఇక్కడ మొదటి రోజే పెంచమంటున్నారు.

నాకేమీ తెలియదు. నేర్పు.

నాన్న బాగానే ఉన్నాడు. నీ గురించి అడగలేదు. అడిగాడని రాద్దామనుకున్నాను కానీ అబద్ధం రాయడం నాకు చేతకాదు.

నీ చెల్లి


జైలు, రెండో బ్లాకు
జనవరి 21

ఒసేయ్ పుస్తకాల పురుగూ,

నీకు మతిగానీ పోయిందా? రెండు నిఘంటువులు ఒకేసారి ఎత్తలేని దానివి, సరుకు బండి నడుపుతావా? ఉత్తరం చదివి మా గదిలో అందరికీ చెప్పాను. ఎదుటి మంచం ఆయన, “మీ చెల్లెలు ఏ క్లాసు?” అన్నాడు. అంత బాగా ఉంది నీ చేతిరాత. ఇక్కడ వచ్చే ఉత్తరాలూ పోయే ఉత్తరాలూ చదివిగానీ వదలరు. చదివే ఆయన కూడా మెచ్చుకున్నాడు. ఆయనకి నా నమస్కారం.

సరే, విను. ఆఖర్న దించేది ముందు ఎక్కించు. ఇది మర్చిపోయిన రోజు నడిరోడ్డు మీద బండంతా ఖాళీ చేసుకుంటావు. బరువు కింద, క్యాబిన్ గోడకి ఆనించి. గాజు పడుకోబెట్టకు, నిలబెట్టు. నడుం వంచి ఎత్తావంటే ముప్పై ఏళ్ళకే ముసలిదానివవుతావు, మోకాళ్ళు వంచు. “ఇక్కడ పెట్టేసి పోమ్మా, సంతకం నువ్వే గీకెయ్” అనేవాళ్ళుంటారు. గీకకు.

బండి కదిలించే ముందు చుట్టూ ఒకసారి నడువు. రోజుకి ముప్పైచోట్ల ఆగితే ముప్పైసార్లు నడువు. నవ్వేవాళ్ళని నవ్వనీ.

వెనక మనిషి లేకుండా రివర్స్ చెయ్యకు. నేను చేశాను, గోడౌన్లో తూకం గుమాస్తాని గోడకి నొక్కేశాను. నాలుగేళ్ళు వేసింది అందుకే. వెనక ఎవరూ లేరని జడ్జిగారి ముందు నేనే ఒప్పుకున్నాను కదా.

ఇంకొకటి. నాన్నని బండెక్కించకు. సాయమొస్తానన్నా సరే.

అన్నయ్య


మేడమీది గది
ఫిబ్రవరి 16

అన్నయ్యా,

నాలుగు వారాలయింది. ఒక్క పెట్టె పగలలేదు. మిగతా అన్నీ జరిగాయి.

మొదటి వారం నువ్వు చెప్పినది తెలిసి కూడా లోడు తిరగేసి ఎక్కించాను. మొదట దించాల్సిన మంచం కోళ్ళు అన్నిటికంటే లోపల ఉన్నాయి. ఫుట్‌పాత్ మీద ఇరవై రెండు పెట్టెలు దించి మళ్ళీ ఎక్కించాను. ఒక ముసలాయన బాల్కనీలో కుర్చీ వేసుకుని మొదటి నుంచి చివరిదాకా చూశాడు. అయిపోయాక, “ఇందాకా ఇవే ఉన్నాయి కదమ్మా లోపల?” అన్నాడు.

నాలుగో అంతస్తులో తలుపు తీసినావిడ నన్ను చూసి “డ్రైవరేడి?” అంది. నేనే అన్నాను. నా భుజం మీదుగా మెట్లవైపు చూస్తూనే ఉంది.

ఇప్పుడు చేతులు నొప్పి లేకుండా పుస్తకం పట్టుకోగలుగుతున్నాను. కానీ రెండో పేజీలోనే నిద్ర వచ్చేస్తోంది.

డిపోలో హమాలీల పెద్ద ఒకావిడ ఉంది. అందరూ పెద్దక్క అంటారు. నాకు వెనక నిలబడేది ఆవిడే. ఆ మొదటి రోజు సంగతి చెప్తాను, నవ్వుకో. ప్లాట్‌ఫారానికి రివర్స్ చేస్తున్నాను. వెనక బాడీ మీద ఒక దెబ్బ వినిపించింది. ఆగాను. మళ్ళీ ఒకటి. నేను ఆగే ఉన్నాను కదా, ఇంకేం చేయను? ఇంజన్ ఆపేశాను. మళ్ళీ ఒకటి. హ్యాండ్‌బ్రేక్ వేశాను. పెద్దక్క కిటికీ దగ్గరికొచ్చింది.

“ఏం తల్లీ, ఇక్కడే కాపురం పెడతావా? ఒకటి కొడితే రా, రెండు కొడితే ఆగు. ఆ మాత్రం తెలీదా?”

“ఒకటి కొడితే ఆగాలి కదా” అన్నాను.

“అది బస్సులో! నువ్వేమైనా కండక్టర్ కూతురివా?”

అవునన్నాను. యార్డంతా నవ్వింది. చిన్నప్పుడు నాన్న బస్సులో ముందు సీట్లో కూర్చుని గంట లెక్కపెట్టేవాళ్ళం, గుర్తుందా? ఒకసారి లాగితే ఆగు, రెండుసార్లు లాగితే పోనీ. అది నా ఒంట్లో ఉండిపోయింది. ఇప్పుడు డిపోలో నా పేరు కండక్టరమ్మ.

అన్నీ రాశావు, ఈ దెబ్బల సంగతి ఎందుకు రాయలేదు? సరుకు బళ్ళన్నిటికీ ఇంతేనట కదా.

నీ చెల్లి


జైలు, రెండో బ్లాకు
ఫిబ్రవరి 27

చెల్లాయ్,

ఉత్తరం అందింది. ఒంట్లో బాగానే ఉంది. ఇక్కడ చలి తగ్గింది. నన్ను వంటింటి పనిలోకి మార్చారు.

టైర్లలో గాలి వారానికోసారి చూపించుకో. ముందు కుడి టైరు త్వరగా దిగుతుంది.

పెద్దక్క చెప్పినట్టు చెయ్యి. ఈ సంగతి ఇంట్లో మాట్లాడకు.

అన్నయ్య


మేడమీది గది
మార్చి 8

అన్నయ్యా,

నీ ఉత్తరం నాలుగుసార్లు చదివాను. నువ్వు ఇంత చిన్న ఉత్తరం ఎప్పుడూ రాయలేదు. పురుగూ అని కూడా అనలేదు.

మన ఉత్తరాలు ఎవరో చదువుతారు కాబట్టి నేను ఏమీ అడగను. నాకు గుర్తున్నవి రాస్తాను, అంతే.

ఆ రోజు నీ దగ్గర పనిచేసే మనిషి రాకపోతే సాయానికి నాన్న వచ్చాడు. నాన్న సరుకు బండి ఎక్కడం అదే మొదటిసారి. ప్రమాదం జరిగినప్పుడు నాన్న టీ తాగడానికి వెళ్ళాడని, వెనక ఎవరూ లేరని కోర్టులో చెప్పావు. నేను మూడో వరసలో కూర్చుని విన్నాను.

నాన్న టీ తాగడు. అమ్మ ఉన్నప్పుడు కూడా తాగలేదు. కోర్టులో అది నాకు గుర్తు రాలేదు. నిన్న పెద్దక్క టీ గ్లాసు అందిస్తుంటే గుర్తొచ్చింది. గ్లాసు కింద పడేశాను.

నీ చెల్లి


(పోస్టు ముద్ర లేదు)
మార్చి 19

పురుగూ,

ఈ ఉత్తరం ఎవరూ చదవలేదు. విడుదలవుతున్న ఎదుటి మంచం ఆయన చొక్కా లోపల పెట్టుకుని తెస్తున్నాడు. చదివి కాల్చెయ్.

నువ్వనుకున్నది నిజం. వెనక నాన్న ఉన్నాడు. మధ్యాహ్నం, హమాలీలంతా భోజనాలకి పోయారు, యార్డులో నరపురుగు లేదు. గుమాస్తా గోడకీ బండికీ మధ్యకొచ్చి కింద పడిన కాగితమేదో తీసుకోవడానికి వంగాడట. నాన్న చూశాడు. ఆగమని ఒక్కటి కొట్టాడు, ముప్పై ఏళ్ళు బస్సాపిన చెయ్యి. నేను ఆరేళ్ళుగా సరుకు బండి తోలుతున్నవాణ్ణి. ఒకటి వినపడింది. రమ్మంటున్నాడని వచ్చాను.

నేను దిగేసరికి నాన్న నా కాలరు పట్టుకుని, “కొట్టాను కదరా, ఎందుకు ఆగలేదు?” అని ఊపేస్తున్నాడు. అప్పుడు అర్థమైంది నాకు. “వినపడలేదు నాన్నా” అన్నాను. ఇంకేం అనను? పోలీసులొచ్చేలోపు గేటు బయటికి నెట్టేశాను. నిలబడమన్న చోటే నిలబడిపోయాడు, అలా ఉన్నాడు.

ఆయనకి నా మీద కోపం. అందుకే ములాఖత్‌కి రాడు. రాకపోతే పోనీ. నా మీద కోపంతో తింటాడు, పడుకుంటాడు, కిటికీ వేసుకుంటాడు. ఆ కోపం తన చేతి మీదికి తిరిగితే ఏం చేసుకుంటాడో నాకు తెలీదు. తెలుసుకోవాలని కూడా లేదు.

ఇంకా రెండున్నరేళ్ళు. గడిచిపోతాయి. మే నెలలో అప్పీలుంది. వెనక మనిషి ఉన్నాడని చెప్తే శిక్ష తగ్గుతుందేమో, నువ్వు అదే ఆలోచిస్తూ ఉంటావు. వద్దు. నాకు మాటివ్వు.

అన్నయ్య


మేడమీది గది
ఏప్రిల్ 2

అన్నయ్యా,

సరే.

ఎదుటి మంచం ఆయన గుమ్మంలో నిలబడే నీళ్ళు తాగి వెళ్ళాడు. నువ్వు సన్నబడ్డావన్నాడు.

నీ చెల్లి

ఇది రాయాలా వద్దా అని ఆలోచించి రాస్తున్నాను. పదిహేనో తేదీ సోమవారం నుంచి నాకు ఆ గోడౌన్ లోడు వేశారు. వద్దంటే కారణం అడుగుతారు. అక్కడ కౌంటర్లో రశీదుల మీద ముద్ర వేసే ఆవిడ ఆ గుమాస్తా భార్య అని పెద్దక్క చెప్పింది. నీలం స్వెటర్ వేసుకుంటుందట.


మేడమీది గది
ఏప్రిల్ 15

అన్నయ్యా,

ఇది మామూలు పోస్టులో వేస్తున్నాను. చదివేవాళ్ళు చదవనీ. ఎందుకో చివరికొచ్చేసరికి తెలుస్తుంది.

శుక్రవారం బీరువా దించుతుంటే రెండు వేళ్ళు డోరు సందులో పడ్డాయి. కట్టు కట్టారు. సోమవారం నేను రాకపోతే లోడు ఇంకొకరికి ఇస్తానన్నాడు సూపర్‌వైజర్. మూడు నెలలకి ఇంకా వారమే ఉంది. పొద్దున్న ఒంటిచేత్తో బూట్ల తాళ్ళు కట్టుకోలేక మెట్ల మీద కూర్చుని ఉన్నాను. నాన్న వచ్చి వంగి కట్టాడు. తర్వాత తన బూట్లు తెచ్చుకున్నాడు, డ్యూటీ బూట్లు. వెళ్ళి వ్యాన్‌లో కూర్చున్నాడు.

“నాన్నా, వద్దు.”

“పెట్టెలు నీ నోటితో దించుతావా?”

ఎక్కించకు అన్నావు. వేరే దారి కనిపించలేదు.

ఆ గోడౌన్‌కి చేరేసరికి మధ్యాహ్నమైంది. హమాలీలు భోజనాల్లో ఉన్నారు. ప్లాట్‌ఫారం పక్క గోడకి సున్నం వేశారు, గోడంతా కాదు, ఆ ఒక్కచోటే. ఒంటిగంటలోపు దించాలని రశీదు మీద ఉంది. హమాలీలు వచ్చేదాకా ఆగుదామన్నాను.

“నేనున్నాను కదా” అని నాన్న దిగాడు.

అప్పుడు నేను ఒకటి అనుకున్నాను. సరుకు బళ్ళ పద్ధతి ఆయనకి తెలియకూడదు. ఆయన ఒకటి కొడితే ఆగుతాను, రెండు కొడితే వెళ్తాను. బస్సులాగే. నీకిచ్చిన మాట నిలుస్తుంది.

అద్దంలో ఆయన భుజం కనిపిస్తోంది. వెనక్కి వస్తున్నాను. ఒక దెబ్బ పడింది. ఆగాను.

రెండో దెబ్బ పడలేదు. నాన్న కిటికీ దగ్గరికొచ్చాడు.

“ఎందుకు ఆగావు?”

“ఒకటి కొట్టావు కదా.”

“ఇక్కడ ఒకటంటే రమ్మని. మూడు నెలల నుంచి తోలుతున్నావు, నీకు తెలీదా?”

నాకు తెలుసని ఆయనకీ, ఆయనకి తెలుసని నాకూ ఒకేసారి తెలిసింది.

“నీకెప్పుడు తెలిసింది నాన్నా?”

“మర్నాడే. కళ్ళజోడు ఇక్కడే పడిపోతే వెతుక్కోవడానికి వచ్చాను. ఏదో బండి వెనక్కి వస్తోంది. హమాలీ ఒకటి కొట్టాడు. వచ్చింది. రెండు కొట్టాడు. ఆగింది. అదిగో, ఆ గేటు దగ్గర కూలబడిపోయాను. మీ అన్నయ్య వినపడలేదన్నాడమ్మా. వాడికి వినపడింది. నేను రమ్మన్నాను, వాడు వచ్చాడు.”

“మరి నీ కోపం?”

“కోపంగా ఉంటే మీరెవరూ నన్నేమీ అడగరు కదా.”

ఏడాదిన్నర అన్నయ్యా. నువ్వు ఆయన కోసం లోపల ఉన్నావు. అది తెలిసీ ఆయన ఇంట్లో ఉన్నాడు. నేను ఇద్దరి మధ్యా కూర్చుని పుస్తకాలు చదువుకున్నాను.

నాన్న మళ్ళీ వెనక్కి వెళ్ళాడు. ఒకటి కొట్టాడు. వచ్చాను. రెండు కొట్టాడు. ఆగాను. పద్నాలుగు పెట్టెలూ తనే దించాడు.

రశీదు నా చేతిలోంచి తీసుకుని కౌంటర్ దగ్గరికి నడిచాడు. నీలం స్వెటర్ ఆవిడ ముద్ర కోసం చేయి చాపింది.

“ఆ రోజు బండి వెనక ఉన్నది నేనమ్మా” అన్నాడు నాన్న. “ఆగమనుకుని రమ్మని కొట్టాను.”

ఆవిడ తలెత్తలేదు. ముద్ర చేతిలో అలాగే పట్టుకుని ఉంది.

“ఎన్ని పెట్టెలు?” అంది.

“పద్నాలుగు.”

పుస్తకంలో రాసుకుంది. ముద్ర గడిలో సరిగ్గా పడేలా వేసింది.

“జైల్లో ఉన్నది ఎవరు?”

“నా కొడుకు.”

రశీదు మాకిచ్చింది. మా వెనక ఇద్దరు డ్రైవర్లున్నారు.

“తర్వాతివాళ్ళు రండి” అంది.

ఇంటికొచ్చాక నాన్న, “వాడికి రాయి, ఇదంతా రాయి, పోస్టులోనే వెయ్యి” అన్నాడు. రేపు లాయరు దగ్గరికి వెళ్తాడట. నేను రాస్తున్నంతసేపూ నా కుర్చీ వెనక నిలబడ్డాడు. నీకిచ్చిన మాట తప్పాను. క్షమించమని అడగను.

నీ చెల్లి

వెనక నేను ఉన్నాను.
(సంతకం) నాన్న


జైలు, రెండో బ్లాకు
జూన్ 11

పురుగూ,

నీ ఉత్తరం నాకంటే ముందు జైలర్ చదివాడు, తర్వాత లాయర్లు చదివారు, ఆఖర్న నాకొచ్చింది. మూల నలిగిపోయి ఉంది.

అప్పీలు వాయిదా పడింది. కోర్టులో అబద్ధం చెప్పినందుకు నా మీద ఇంకో కేసు పెట్టొచ్చట. నాన్నని కూడా పిలుస్తారు. శిక్ష తగ్గుతుందో ఇద్దరికీ పడుతుందో లాయరు చెప్పలేకపోతున్నాడు. నీ మీద వారం రోజులు మండిపోయాను. ఇప్పుడు లేదు.

గురువారం నాన్న వచ్చాడు. ఇంత ముసలివాడయ్యాడని నువ్వు రాయలేదు. మధ్యలో అద్దం, ఫోనులో మాట్లాడాలి. ఆయన మాట్లాడుతున్నంతసేపూ కుడిచెయ్యి జేబులోనే ఉంది. ఎడంచేత్తో ఫోను పట్టుకున్నాడు. పోయేటప్పుడు సంతకం పెట్టాలంటే బయటికి తీశాడు. లాయరుకిచ్చిన ఆ కాగితాలు వెనక్కి తీసుకోమన్నాను. తలూపలేదు.

ఆయనకి చెప్పలేకపోయింది నీకు చెప్తున్నాను. ఇదీ జైలర్ చదువుతాడు, చదవనీ. ఆ రోజు పొద్దున్న ఆయన బండెక్కుతుంటే నాకు తట్టింది, దెబ్బల సంగతి చెప్పాలని. నోటిదాకా వచ్చింది. ముప్పై ఏళ్ళు గంట కొట్టిన మనిషికి నేను నేర్పడమేంటి, చిన్నబుచ్చుకుంటాడేమో అని ఊరుకున్నాను. తండ్రికి మర్యాద ఇచ్చాను. ఆ గుమాస్తా అందుకు పోయాడు. నేను నాన్న శిక్ష మోస్తున్నానని మీరిద్దరూ అనుకుంటున్నారు. కాదు. ఇది నాదే.

నీ ఉద్యోగం ఖాయమైందని నాన్న చెప్పాడు. కొత్త చొక్కా ఇచ్చారట, నీకు వదులుట.

మొదటి ఉత్తరంలో రాయనిది ఇప్పుడు రాస్తున్నాను. వెనక ఎవరైనా ఉండనీ. పెద్దక్క అయినా, నాన్న అయినా. ఒకటి కొట్టినా, రెండు కొట్టినా, వాళ్ళేమన్నారో నీకు బాగా తెలుసనుకున్నా, ఆగు. దిగు. వెనక్కి నడిచి నీ కళ్ళతో చూడు. తర్వాతే రా.

అన్నయ్య